నీటి అడుగున ఊపిరి



కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన మనలో చాలామందిమి సముద్రాన్ని టీవీలోనే చూశాం. కానీ నడుముకు బెండు కట్టుకొని వ్యవసాయ బాయిలో ఈత నేర్చుకున్న వాళ్లం. వీపున సిలిండరుతో చేపల మధ్య తిరిగే మనుషులను టీవీలో చూసినప్పుడు, అంత బరువు ఎందుకు, పొడవాటి పైపు ఒకటి పైకి పెట్టుకుంటే చాలదా అని మాకూ అనిపించేది.

చాలదు. నీటికి బరువుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. 10 మీటర్ల లోతున మన ఒంటి మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు, 20 మీటర్ల దగ్గర మూడింతలు. కాస్త లోతుకు పోగానే, పైపులో గాలి ఉన్నా ఛాతీ దాన్ని లోపలికి లాగలేదు.

ఈ చిక్కును 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ విప్పారు. వారి రెగ్యులేటరు, చుట్టూ నీటి ఒత్తిడి ఎంతుందో అంతే ఒత్తిడితో గాలిని నోటికి అందిస్తుంది. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అనుకుంటాం. మామూలుగా వాడేది కుదించి నింపిన గాలే.

ఇక్కడే మనం చదివిన బాయిల్ నియమం ప్రాణం మీదికి వస్తుంది. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి. అందుకే స్కూబా మొదటి పాఠం: ఊపిరి ఎప్పుడూ ఆపకు, నెమ్మదిగా పైకి రా.

మన దేశంలో ఈ డైవింగుకు పేరున్న చోటు అండమాన్. అక్కడ తెలుగువాళ్లు ఎందరో స్థిరపడ్డారు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవలాక్ దీవి దగ్గర పగడపు దిబ్బలు చూడటానికి దిగుతారు. పుస్తకాల్లో వీటినే ప్రవాళ భిత్తికలు అంటారు. చూడటానికి రాళ్లలా ఉంటాయి గానీ, అవి చిన్న చిన్న జీవులు సున్నంతో కట్టుకున్న ఇండ్లు. ఆ జీవుల ఒంట్లో ఉండే శైవలాలు వాటికి తిండి, రంగు ఇస్తాయి. నీరు బాగా వేడెక్కితే శైవలాలు బయటికి పోయి పగడాలు తెల్లబోతాయి. 2010లో అండమాన్‌లో అలాగే జరిగింది. చెయ్యి తగిలినా అవి దెబ్బతింటాయి కనుక చూడటమే తప్ప ముట్టుకోకూడదు.

ఇక మన బాయిల సంగతి. ఎక్కువసేపు మునగాలని పందెం కట్టి, ముందుగా గబగబా ఊపిరి పీల్చి వదులుతుంటారు. ఇది చాలా ప్రమాదం. ఊపిరి తీసుకోవాలని మనల్ని తొందరపెట్టేది ముఖ్యంగా ఒంట్లో పెరిగే కార్బన్ డయాక్సైడు. దాన్ని ముందే వదిలేస్తే ఆ హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఆలోపే ఆక్సిజన్ తగ్గి, నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాడికీ ఇది తప్పదు. కాబట్టి తమ్ముళ్లారా, బాయి అయినా, మానేరు అయినా, కడెం అయినా, ఆ పందెం కట్టకండి. ఒంటరిగా దిగకండి.

2014 మే 25న మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ గాలి పలచబడే ఎవరెస్టు శిఖరం ఎక్కారు. గాలి చిక్కబడే సముద్రం అడుగుకూ మనవాళ్లు వెళ్లాలి. నేవీలో డైవర్లున్నారు. విశాఖలోని ఆంధ్రా విశ్వవిద్యాలయంలో సముద్ర జీవుల మీద పీజీ చదువు ఉంది. ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు ఇలాంటి దారులున్నాయని చెప్పేవాళ్లు ఉండరు. అందుకే మాకు తెలిసింది ఇక్కడ రాశాం.