ఆస్పత్రికీ ఇంటికీ నడుమ ఒక ఇల్లు

పదిహేను రోజుల చికిత్స ముగిసింది. చేతుల వణుకు తగ్గింది, ఆకలి పుట్టింది. "ఇక ఇంటికి తీసుకువెళ్ళవచ్చు" అన్నారు డాక్టరు గారు. నోయిడాలో నివసించే ఆ తెలుగు ఇల్లాలికి అసలు భయం అప్పుడే మొదలయింది. ఇంటిదారిలోనే మద్యం దుకాణం ఉంది. సాయంకాలం కాగానే పిలిచే మిత్రులున్నారు. భర్తను ఎక్కడికి తీసుకుపోవడం?

ఆమె భయం సహేతుకమైనదే. మద్యాన్ని శరీరం నుంచి వెడలగొట్టడానికి కొద్ది రోజులు చాలును. అది లేకుండా బ్రతకడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ఈ వ్యవధి కోసమే హాఫ్‌వే హోములు వెలిశాయి. 1975లో అమెరికాలోని మేరీలాండ్‌లో ఆరంభమైన ఆక్స్‌ఫర్డ్ హౌస్ వీటిలో ప్రసిద్ధమైనది. అక్కడ కావలివాడు లేడు. నివాసులే అద్దె పంచుకుంటారు, ఓటు వేసి నిర్ణయాలు చేసుకుంటారు. తిరిగి తాగినవాడు ఇల్లు విడవవలసిందే.

ఢిల్లీ పరిసరాలలో 'నషా ముక్తి కేంద్ర' బోర్డులకు కొదువ లేదు. కొన్నిచోట్ల నిజమైన సేవ ఉంది; కొన్నిచోట్ల తాళమే చికిత్స. అర్ధరాత్రి బండి పంపి మనిషిని ఎత్తుకుపోతామనేవారూ ఉన్నారు. కాని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యవ్యసనానికీ వర్తిస్తుంది. రోగులను చేర్చుకునే సంస్థ నమోదు కావాలి. గొలుసులతో బంధించడం నిషిద్ధం. తనవారిని కలుసుకునే హక్కు, ఫోనులో మాట్లాడే హక్కు రోగికి ఉన్నాయి.

కనుక సంకోచించక అడగండి. నమోదు పత్రం ఏదీ? డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తారు? పడకగదులు, వంటిల్లు చూడవచ్చునా? ఇక్కడ ఉంటూ ఉద్యోగానికి వెళ్ళవచ్చునా? చెల్లించిన సొమ్ముకు రసీదు ఇస్తారా? చివరిది అన్నిటికన్నా ముఖ్యం: మళ్ళీ తాగితే ఏం చేస్తారు? "దారికి తెస్తాం" అన్నా, "ఇక తాగనే తాగడు, మాది హామీ" అన్నా లేచి వచ్చేయండి.

ఒక హెచ్చరిక. ఇంకా రోజూ తాగుతున్న వ్యక్తిని నేరుగా ఇటువంటి ఇంట చేర్చరాదు. హఠాత్తుగా మానితే రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు. ముందు ఆస్పత్రి. ఢిల్లీ ఎయిమ్స్ వారి జాతీయ వ్యసన చికిత్సా కేంద్రం ఘజియాబాద్‌లో ఉంది. ప్రభుత్వ సహాయవాణి 14446కు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా లభిస్తుంది.

ఆ ఇల్లాలు మూడుచోట్లకు వెళ్ళింది. మొదటిచోట, నెల దాకా భర్తను చూడరాదన్నారు. రెండవచోట పాలరాతి నేల ఉంది, ప్రశ్నలకు సమాధానం లేదు. మూడవచోట పిండి చేతులతో ఒక నివాసి తలుపు తీశాడు. ఆమె చివరి ప్రశ్న విని తల వంచుకున్నాడు.

"నేనే తాగానమ్మా. ఆ రాత్రే ఆస్పత్రికి పంపారు, మా అన్నయ్యకు కబురు చేశారు. నయమయ్యాక తిరిగి రానిచ్చారు."

ఆమె ఆనాడే డబ్బు కట్టలేదు. మరునాడు భర్తను వెంటబెట్టుకు వెళ్ళి, "మీరూ చూసి చెప్పండి" అన్నది. ఎన్నో ఏళ్ళ తరువాత ఆ ఇంట ఒక నిర్ణయం ఆయనకు వదిలారు. ఆయన ఇల్లంతా తిరిగి చూసి, తన పెట్టె తానే లోపలికి మోసుకుపోయాడు.