నీటిలోనికి దిగు కెమెరా

ముప్పదియేండ్లు బాలురకు సంధులును సమాసములును బోధించిన నేను నీటియడుగున ఫొటోలు తీయు కెమెరాను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా నుండవచ్చును. నాకు ఈతయైనను రాదు. అయితే నా మేనల్లుడు విశాఖపట్నమున రుషికొండ కడ సముద్రమున మునిగి, అచ్చటి చేపలను పీతలను చూచి వచ్చువాడు. వాని మూడేండ్ల పొదుపు ఒక నూలుపోగు మూలమున నీటిపాలయ్యెను. ఆ పోగు నా ఉత్తరీయములోనిది. ఆ సంగతి చివర మనవిచేసెదను.

మిర్రర్‌లెస్ కెమెరా యనగా అద్దము లేని కెమెరా. వెనుకటి తెగ కెమెరాలలో కటకమునుండి వచ్చు వెలుగును కంటికి మరల్చుట కొక అద్దముండును. మీట నొక్కినపుడది పైకి లేచును. ఆ అద్దమును తొలగించి, దృశ్యమును చిన్న తెరపై చూపు కెమెరాలలో 2008లో వెలువడిన పానసోనిక్ జి1 తొలివానిలో నొకటి. అద్దము పోవుటచే కెమెరా చిన్నదగును; దానిని బంధించు పెట్టెయు చిన్నదగును. తీసిన చిత్రమును కన్ను తొలగింపకయే సరిచూచుకొనవచ్చును. నీటిలో నివి చిన్న మేళ్లు కావు.

ఇక ఎంపిక. అంగడికి పోయినవారు మొదట కెమెరానే అడుగుదురు. శ్లోకమున మొదటి పదమును పట్టుకొని అర్థము చెప్పబోవు విద్యార్థి యిట్లే తడబడును. అన్వయ మెఱిగినవాడు ముందుగా క్రియను వెదకును. ఇచ్చట క్రియ వెలుగు. పిదప పెట్టె, ఆ పిదప కటకము, కడపటనే కెమెరా.

నీరు రంగులన్నిటిని సమానముగ మ్రింగదు. ఎఱుపును మొదట హరించును. అయిదారు మీటర్ల లోతుననే ఎఱ్ఱని వస్తువు వన్నె తప్పును. ఇరువది మీటర్లకు లోకమంతయు నీలిమయమగును. వెలుగు లోతునకే గాక, వస్తువునుండి కటకమునకు వచ్చు అడ్డదూరమునకును సుంకము చెల్లించును. కావున వస్తువునకు మీటరు లోపలికి చేరవలెను. దీపమును వెంట గొనిపోవలెను. 1893లో ఫ్రాన్సున బాన్యుల్స్ తీరమున నీటిలో ఫొటోలు తీసిన లూయీ బూతాన్ అను శాస్త్రజ్ఞుడు మెగ్నీషియము మండు దీపమును సయితము ప్రయోగించెను. నేడు స్ట్రోబు అను మెఱపుదీప మా పని చేయును. దానిని కటకమున కంటియుంచక, కమ్ముల చివర ప్రక్కలకు నిలుపవలెను. లేనిచో నీటిలోని నలుసులు వెలిగి, చిత్రముపై బియ్యపు నూక చల్లినట్లుండును.

హౌసింగ్ అను పెట్టె రెండవది. సముద్రమున ప్రతి పది మీటర్లకును సుమారొక వాయుమండలపు ఒత్తిడి హెచ్చును. ప్లాస్టిక్ పెట్టెలు చవుక, తేలిక. అల్యూమినియము పెట్టెలు గట్టివి, ప్రియమైనవి. ఒక నమూనాకు చేసిన పెట్టె సాధారణముగ వేఱొకదానికి పట్టదు; దాని వెల పెక్కుసారులు కెమెరా వెలను మించును. పెట్టె దొరకునా యని విచారింపక క్రొత్త కెమెరా కొనుట తాళము లేక తాళపుచెవిని కొనుటయే. లోని గాలిని కొంత తోడి, ఒత్తిడి నిలుచుచున్నదా లేదా యని నీటిలో దిగకముందే తెలుపు పరీక్షాకవాటము మఱువరానిది.

కటకమునకు ముందున్న గాజు ఆకారమును బట్టి కటకము నెన్నుకొనవలెను. నీటి వక్రీభవన గుణకము సుమారు 1.33. చదునైన గాజు వెనుకనుండి చూచిన వస్తువు సుమారు మూడవవంతు పెద్దదిగ తోచును. చూపు వెడల్పు తగ్గును. చిన్న ప్రాణులను తీయు మాక్రో కటకమున కది లాభమే. విశాల దృశ్యముల కటకమునకు మాత్రము గుమ్మటమువంటి గాజు కావలెను. మా తీరమున నీరు తఱచు కలకబారియుండును గనుక మాక్రోయే మాకు తగినది. మైక్రో ఫోర్ థర్డ్స్ తెగకు ఒలింపస్ చేసిన 60 మిల్లీమీటర్ల మాక్రో ఇట్టిదే. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మసకవెలుగున మేలైనదే కాని, దానితో కటకము, పెట్టె, బరువు, వ్యయము నన్నియు పెరుగును.

ఇక నా యపరాధము. మొదటిసారి మేము సొమ్మంతయు కెమెరాకే పోసి, పరీక్షాకవాటమును తరువాత చూతమని విడిచితిమి. ఆ దినమున ఒడ్డున, పెట్టె మూతకు బిగించు ఓ-రింగు అను రబ్బరు వలయమును నేను సాయము చేయబోయి ఉత్తరీయపు అంచుతో తుడిచితిని. ఒక పోగు అంటుకొనెను, ఎవరమును చూడలేదు. ఎనిమిది మీటర్లు చేరునప్పటికి గాజు వెనుక నీరు నిలిచినదట. పైకి వచ్చి వాడు నన్నేమియు అనలేదు. “ఎండలో నిలుచున్నారు మామయ్యా, నీడకు రండి” అనెను. తిట్టినను నే నంత కుంగియుండను.

ఆ కవాటమే యున్నచో నా పోగు ఒడ్డుననే పట్టుబడియుండును. రెండవసారి అన్వయక్రమమున కొంటిమి: ఒక స్ట్రోబు, కవాటముగల పెట్టె, మాక్రో కటకము, మిగిలిన సొమ్ముతో ఒకరు వాడి విడిచిన పాత కెమెరా. వలయమును ఇప్పుడు వాడే పోగు రాలని గుడ్డతో తుడిచి, వ్రేలితో తడవి చూచి, పలుచగ జిడ్డు పూయును. ప్రతి మునుక పిదప పెట్టెను మంచినీట నానవేయు పని మాత్రము నాకు వదలినాడు. వాడు తీసిన యొక చిన్న పీత చిత్రము నా బల్లపై నున్నది. నీరు దాచిన ఎఱుపంతయు దానియందు కానవచ్చుచున్నది. సెలవు.