తినిపించే చేతులు ఎన్ని?

అన్నం తింటుంటే ఒక్కోసారి పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. నెత్తిమీద తడతారు. అసలు సంగతి వేరు. గొంతులో రెండు దారులు ఉంటాయి. ఒకటి అన్నం దారి, ఇంకొకటి గాలి దారి. మింగేటప్పుడు గాలి దారి మూసుకుంటుంది. సరిగా మూసుకోకపోతే మెతుకో, నీటిచుక్కో అటు పోతుంది. దగ్గు వస్తుంది. ఆ దగ్గే దాన్ని బయటికి నెడుతుంది.

ముసలితనంలో మింగే బలం తగ్గుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లకు, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా కష్టం. కొందరికి దగ్గు కూడా రాదు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. పెద్ద ముద్ద అడ్డుపడితే ప్రాణానికే ముప్పు.

అందుకే ఇలాంటివాళ్లను నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న ముద్ద పెట్టాలి. అది మింగాకే ఇంకో ముద్ద. ఒక్కొక్కరికి అరగంట పట్టవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఒక వృద్ధాశ్రమంలో తినిపించాల్సినవాళ్లు 8 మంది. ఆయా ఒక్కతే. తలా అరగంట అంటే 4 గంటలు. కానీ భోజనాల వేళ ఒక గంటే. తలా ఏడున్నర నిమిషాలే దొరుకుతాయి. ఆమె ఏం చేస్తుంది? ముద్ద మీద ముద్ద పెడుతుంది. అదే నలుగురు ఆయాలు ఉంటే? ఒక్కొక్కరికి ఇద్దరే. గంటలో నిదానంగా పని అవుతుంది.

పొలమారినవాళ్లను దగ్గనివ్వాలి. నీళ్లు పోయకూడదు. మాటా దగ్గూ రాకపోతే ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపు మీద అరచేత్తో గట్టిగా చరచాలి. ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. ఒక్కతే ఉంటే రెండు పనులూ ఎలా చేస్తుంది? ఏదైనా జరిగితే మాట పడేది మాత్రం ఆమే.

ఈ ఇబ్బంది అమెరికాలోనూ ఉంది. అక్కడ ముసలివాళ్లను చూసుకునే చోటును నర్సింగ్ హోం అంటారు. 2003లో అక్కడి ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. రాష్ట్రం ఒప్పుకుంటే, తినిపించడానికే విడిగా మనుషుల్ని పెట్టుకోవచ్చు. వాళ్లకు కనీసం 8 గంటల శిక్షణ ఉండాలి. నర్సు అజమాయిషీ ఉండాలి. మింగడం బాగా కష్టమైనవాళ్లకు వాళ్లు తినిపించకూడదు. తినిపించడం కూడా నేర్చుకుని చేయాల్సిన పనే అన్నమాట.

పెద్దవాళ్లను ఆశ్రమంలో చేర్చేముందు భోజనాల వేళకు వెళ్లి చూడాలి. తినిపించాల్సినవాళ్లు ఎందరు? తినిపించేవాళ్లు ఎందరు? రాత్రిపూట, పండగనాడు ఎందరు ఉంటారు? అడగాలి. ఆయాగా పనిచేసే అక్కచెల్లెళ్లు ఈ లెక్కే కాగితం మీద రాసి యజమానికి చూపించవచ్చు.