పేవర్ బ్లాకులు: బలమంతా సందుల్లోని ఇసుకదే

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ఊళ్లలోనూ ఇంటి ముందు పేవర్ బ్లాకులు పరచడం మామూలైంది. వేయించేటప్పుడు రంగు, డిజైను చూస్తాం. తర్వాత కడుగుతూ ఉంటే చాలనుకుంటాం. అసలు కనిపెట్టుకోవలసింది మాత్రం బ్లాకుల మధ్య ఇసుకను.

సిమెంటు గచ్చు ఒకే పలక. కింద నేల కదిలితే పగులుతుంది. పేవర్ల పని తీరు వేరు. గట్టిగా అణిచిన గ్రావెల్ మీద 20 నుంచి 40 మిల్లీమీటర్ల మందాన ఇసుక పరుస్తారు. దానిపై 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు వదిలి బ్లాకులు పేరుస్తారు. ఆ సందుల్ని సన్నని పొడి ఇసుకతో నింపుతారు. చక్రం ఒక బ్లాకు మీదికి ఎక్కితే ఈ ఇసుక ఆ బరువును పక్కవాటికి పంచుతుంది. దీన్ని అంతర్బంధం (విడి ముక్కలు కలిసి బరువు మోయడం) అనవచ్చు. ఇసుక పోయిందా, బ్లాకు ఊగుతుంది. అంచులు ఒకదానికొకటి కొట్టుకుని పెచ్చులూడతాయి. నీరు దిగి కింది ఇసుకనూ లాక్కుపోతుంది.

ఇసుక నిలవదని కొందరు సందుల్లో సిమెంటు పాలు పోయిస్తారు. దీనివల్ల కీడే ఎక్కువ. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నల్లరేగడి నేలలో మరీను. బిగుసుకున్న సిమెంటు ఆ కదలికకు బీటలు వారుతుంది. ఇక మరమ్మతంటే బ్లాకులు పగలగొట్టడమే. ఇసుక సందులైతే కుంగినచోట నాలుగు బ్లాకులు ఊడదీసి, కింద ఇసుక సరిచేసి, అవే తిరిగి పెట్టి దిమ్మిసతో అణచవచ్చు.

నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కాబట్టి సెప్టెంబరులోనే సందులు చూసుకోవాలి. ఇసుక గోరంత లోతుకు దిగిందంటే నింపే వేళయినట్టే. ఇసుకను సన్నగా జల్లించి, ఎండబెట్టి, చీపురుతో ఏటవాలుగా సందుల్లోకి ఊడ్వాలి. కొన్నాళ్లకు అది సర్దుకుంటుంది, అప్పుడు ఇంకోసారి. మిద్దె మీది గొట్టం నీళ్లు ఒకేచోట పడుతుంటే ఎంత నింపినా నిలవదు. ముందు ఆ నీటిని కాలువలోకి మళ్లించాలి. గరిక మొలిస్తే తడి మీద వేరుతో పీకి, ఆ ఖాళీనీ పూడ్చాలి.

తెల్లమరకలు రెండు రకాలు. కొత్త బ్లాకులపై కనిపించేది సిమెంటులోని సున్నం. తేమతో పైకి వచ్చి, గాలి తగిలి తెల్లబడుతుంది. వానలకు క్రమంగా పోతుంది. పాతవాటిపై పేరుకునేది తరచు బోరునీటి లవణాలే. రెండింటికీ యాసిడ్ వద్దు. అది సిమెంటునే తినేస్తుంది, పైభాగం గరుకై మురికి ఇంకా పడుతుంది. నీళ్లు తగ్గించి గట్టి బ్రష్షుతో రుద్దితే మేలు. బండ్లు కడిగే ప్రెషర్ పంపు సందుల్లో ఇసుకను చిమ్మేస్తుంది.

ఇంకా వేయించనివాళ్లు మందం అడగాలి. భారత ప్రమాణం ఐఎస్ 15658 నడకదారికి 50 మిల్లీమీటర్లు, తేలికపాటి వాహనాలకు 60 చెబుతుంది. వడ్ల ట్రాక్టరు లోపలికి వచ్చే ఇంటికి 80 మంచిది. కొన్నప్పుడే ఓ పాతిక బ్లాకులు ఎక్కువ తీసుకుని ఎండావానా తగిలే చోట ఉంచండి. అలా అయితే రేపు మార్చిన బ్లాకు రంగు పాతవాటితో కలుస్తుంది.