ఇంటిగదిలో మిగ్-21

2025వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన మిగ్-21 యుద్ధవిమానము చండీగఢ్ నగరమున భారత వాయుసేన కొలువునుండి విరమించినది. 1963లో ఆ నగరమందే సేనలో బ్రవేశించి, అరువదిరెండు వత్సరములు దేశాకాశమును గాచిన విమానమది. సేనలో దాని కథ ముగిసినది గాని యిండ్లలో ముగియలేదు. నేటికిని రాత్రి భోజనమైన తరువాత తలుపు మూసికొని, కంప్యూటరు తెర యెదుట గూర్చుండి, ఆ విమానముయొక్క యంత్రమును రగిల్చి, పరుగుబాటపై నడపి, మింటి కెగురవేసి, తిరిగి నేలకు దింపుట నేర్చుకొనుచున్నవారు అనేక దేశములందు గలరు. వీరిలో బెక్కురు నిజమైన యుద్ధవిమానమును చేతితో దాకియైన నెఱుగరు.

ఇది పిల్లలాట యని కొందఱు త్రోసివేయుదురు. ఇదియే విద్య, ఇక విమానశాలతో బనియేమి యని కొందఱు పొంగిపోవుదురు. ఈ రెండు మాటలయందును సగము సగము సత్యమున్నది. ఇంట నేర్వదగిన దేదో, ఇంట నేర్వరాని దేదో విడమరచి చూచుట యావశ్యకము. ఏలయన, ఒక మెట్టునకును మఱియొక మెట్టునకును గల యంతరమును లెక్కింపకపోవుటవలన యువకుల ప్రాణములు పోయిన చరిత్ర మన దేశమునకే కలదు.

వాద్యశాలలో బుట్టిన విద్య

నేలపై గూర్చుండి యెగురుట నేర్చుకొనుట క్రొత్త తలంపు గాదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమందు బింగ్‌హామ్టన్ పట్టణమున ఎడ్విన్ లింక్ అను యువకుని తండ్రికి పియానోలను, ఆర్గనులను జేయు కర్మాగార ముండెను. గాలితిత్తులతో వాద్యములను బలికించు మర్మము లింకునకు చిన్ననాటనే యలవడినది. విమానము నడపుట నేర్వగోరిన యాతనికి నాటి శిక్షణపు రుసుములు మోయరాని బరువయ్యెను. అందుచే 1929లో నాతడు ఆ తిత్తులనే క్రింద నమర్చి, పొట్టిరెక్కలుగల యొక చిన్న పెట్టెను నిర్మించెను. లోపల గూర్చున్నవాడు మీటను త్రిప్పినంతనే పెట్టె యొఱగును, లేచును, తిరుగును. మొదట దానిని గొన్నవారు వినోదోద్యానముల యజమానులే కాని సేనాధిపతులు గారు.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వము విమానములద్వారా తపాలాను మోయు పనిని సైనిక విమానదళమున కప్పగించెను. అది మంచుకాలము. మబ్బులలో బయలేమియు గానరానప్పుడు పరికరములను మాత్రమే చూచి విమానమును నడపు నభ్యాసము చాలని యువకులు కొలదివారములలోనే పలువురు మరణించిరి. అప్పుడు సేనాధికారులు లింకునకు గబురంపిరి. వారు న్యూవార్క్ విమానాశ్రయమున నాతనికై వేచియుండగా పొగమంచు గ్రమ్మెను. ఇట్టి వాతావరణమున నాతడు రాజాలడని వారు వెడలనుండగా, ఆతడు తన విమానమును ఆ మంచులోనుండియే దింపెను. వేఱొక వాదమక్కఱలేకపోయెను. సైన్యము ఆరు యంత్రములను, ఒక్కొక్కటి 3,500 డాలర్ల వంతున గొనెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి ఐదులక్షలకు మించిన వైమానికులు ఆ పెట్టెలలో గూర్చుండి నేర్చిరి.

పెట్టె యింటికి వచ్చుటకు మఱి యేబదియేండ్లు పట్టినది. 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ అనునతడు ఆపిల్ కంప్యూటరుపై నడచు విమానక్రీడను వెలువరించెను. గీతలతో గీసిన కొండలు, గళ్లబట్టవంటి నేల. అంతకుమించి యందేమియు లేదు. 1998లో ఎఫ్-16 విమానమును ఆధారముగా జేసికొనిన ఫాల్కన్ 4.0 వచ్చినది. అమెరికా నేషనల్ గార్డువారి శిక్షణకై తయారైన ఏ-10 ప్రతిరూపము 2011లో గృహస్థులకుగూడ రూపాంతరమున లభ్యమైనది. 2014లో మిగ్-21 వంతు వచ్చినది. నేడు ఆ విమానపు చోదకస్థానమందలి ప్రతి మీటయు, ప్రతి దీపమును తెరపై గానవచ్చును, నొక్కిన పనిచేయును.

ఇంట నేర్వదగినది

మొదట నేర్చునది క్రమము. బ్యాటరీ, విద్యుజ్జనకములు, దిశాపరికరములు, ఇంధనపు పంపులు - వీని నొకదానివెంట నొకటి మేల్కొలిపిన పిమ్మటనే యంత్రమును రగిల్పవలెను. ఒకటి మఱచిన నది ఎప్పుడో యొకప్పుడు అడ్డుదగులును. వేగము మైళ్లలో గాక కిలోమీటర్లలోను, ఎత్తు అడుగులలో గాక మీటర్లలోను జూపబడును. నేలపై నడపుటయే యొక విద్య. మోటారుకారునందువలె బ్రేకు పాదమునకు లేదు. అది చేతిలోని దండముపై నున్న మీటయందున్నది. ఏ చక్రమును పట్టవలెనో పాదపీఠములు నిర్ణయించును. మొదటి దినమున అభ్యాసి పరుగుబాటను జేరకమునుపే గడ్డిలోనికి బోవుట సామాన్యము.

ఎగురుట సులభము, దిగుట కష్టము. మిగ్-21 రెక్క త్రికోణాకారము, చిన్నది. నేలను సమీపించునప్పుడు గూడ దాని వేగము గంటకు 300 కిలోమీటర్లకు పైబడియుండును. వేగము తగ్గినదని భయపడి క్రొత్తవాడు ముక్కును పైకెత్తును. సామాన్య విమానమున నది కొంతవఱకు సాగును. ఇచ్చట ముక్కు లేచినకొలదియు గాలియొత్తిడి వెనుకకు లాగును, విమానము మఱింత త్వరగా దిగజారును. అప్పుడు యంత్రపు మీటను ముందునకు ద్రోసినను, యంత్రము బలము పుంజుకొనుటకు గొన్ని క్షణములు పట్టును. అంతలో నేల వచ్చును. ఇంతియగాక, దిగునప్పుడు రెక్కల వెనుకభాగముపై వీచు గాలి యంత్రమునుండియే వచ్చునది. నేల తాకకమునుపే యంత్రమును మందగింపజేసిన నా గాలియు దగ్గును, విమానము రాయివలె బడును. కనుక వేగము తప్పిన పిదప సవరించుటకంటె తప్పకముందే యెఱుగుట ముఖ్యమని అభ్యాసి గ్రహించును. పుస్తకమున నూఱుమార్లు చదివినను బోధపడని యీ విషయము, ఇరువదిమార్లు తెరపై గూలినవానికి జక్కగా దెలియును.

ఇంధనము రెండవ గురువు. ఈ విమానము నిండ నింపుకొనినను దీర్ఘకాల మెగురజాలదు. యంత్రము వెనుక రెండవ మంటను బెట్టి ఉత్సాహముతో నాకాశమును జీల్చినవాడు, కొలదినిమిషములలో నింటిదారి వెదకికొనవలసివచ్చును. పోరునకు బోవుటకంటె మఱలివచ్చుటకు లెక్క ముందు గట్టుకొనవలెనని యిది నేర్పును. మఱియు, జరిగిన ప్రయాణమునంతయు యంత్రము గుర్తుంచుకొని తిరిగి చూపును. తన తప్పును తానే ప్రక్కనుండి చూచు నవకాశము పూర్వకాలపు శిష్యులకు లభించినది గాదు.

ఇట్టి విద్యను సేనలును దృణీకరించుటలేదు. 2018లో అమెరికా వాయుసేన టెక్సస్ రాష్ట్రమందలి ఆస్టిన్ నగరమున నొక ప్రయోగము జేసినది. ఇరువదిమంది శిష్యులకు కంటికి దగిలించుకొను తెరలును, సామాన్య కంప్యూటర్లును ఇచ్చి, నిజమైన శిక్షణవిమానములతోబాటు వానినిగూడ విరివిగా నుపయోగించినది. సుమా రొక సంవత్సరము పట్టు శిక్షణను ఆరునెలలలో బదుమువ్వురు ముగించిరి. ఇది చిన్న ప్రయోగమే యైనను, తెర యెదుటి యభ్యాసము వ్యర్థము గాదనుటకు నిదర్శనము.

ఇంట నేర్వరానిది

అయినను ఒక్కమాట స్పష్టముగా జెప్పవలెను. ఇంటిలోని కుర్చీ కదలదు. ఆకాశమున విమానమును గట్టిగా ద్రిప్పినప్పుడు మనుష్యుని బరువు ఏడురెట్లు గావచ్చును. డెబ్బది కిలోల మనుష్యుడు నాలుగువందల తొంబదికిలోల బరువగును. చేయి లేవదు, మెడ తిరుగదు, రక్తము తలనుండి క్రిందకు జాఱును. చూపు అంచులనుండి నల్లబడి, తెలివి తప్పును. ఆ క్షణమున కడుపును, కాళ్లను బిగబట్టి, ఊపిరిని నిలిపి విడుచుచు, శత్రువు నెచ్చట నుంచెనో జ్ఞాపకముంచుకొనవలెను. ఇందుకై మన వైమానికులు బెంగుళూరునందలి వైమానిక వైద్యసంస్థలోని గిరగిర దిరుగు యంత్రమున నభ్యాసము జేయుదురు. తెరపై నీ విపత్తు అంచులు నల్లబడుటగా మాత్రమే కనబడును. అభ్యాసి చెమటయైన బట్టక కాఫీ త్రాగుచుండును.

రెండవది చెవిలోని మోసము. మబ్బులో మెల్లగా నొఱగుచున్న విమానమందు, తాను తిన్నగానే పోవుచున్నానని శరీరము సాక్ష్యమిచ్చును. పరికరము వేఱొకటి చెప్పును. శరీరమును గాదని పరికరమును నమ్ముటయే వైమానికవిద్యలో గఠినమైన నిగ్రహము. కదలని కుర్చీలో శరీరము అబద్ధము చెప్పదు. కావున దానిని ధిక్కరించు నభ్యాసమును గలుగదు.

మూడవది ప్రాణభయము. ఇంట గూలినవాడు ఒక మీట నొక్కగా క్రొత్తవిమానము వచ్చును. ఇక నాయుధముల విషయము. రాడారుయొక్కయు, క్షిపణులయొక్కయు నిజమైన శక్తిని ఏ ప్రభుత్వమును వెల్లడింపదు. క్రీడను నిర్మించినవారు బయలుపడిన సమాచారమునుబట్టి యుక్తిగా నూహించినదే తెరపై నున్నది. తెరమీద వైరిని గూల్చినవాడు యుద్ధశాస్త్రమును నేర్చితినని తలంచిన నది భ్రమ.

నడుమ లేని మెట్టు

ఈ తారతమ్యము క్రీడకు మాత్రమే సంబంధించినది గాదు. 2012లో రక్షణమంత్రి రాజ్యసభలో నొక లెక్క చెప్పెను. నలుబదేండ్లలో గొన్న 872 మిగ్ విమానములలో 482 ప్రమాదములకు లోనయ్యెనని, అందు 171 మంది చోదకులును, 39 మంది పౌరులును మరణించిరని తెలిపెను. ఇవి మిగ్-21లు మాత్రమే గావు, మిగ్ జాతి విమానములన్నింటి లెక్క. యంత్రలోపములు, పక్షులు తగులుట, వాతావరణము మున్నగు కారణము లనేకములు. కాని యొక కారణమును నిపుణులు మొదటినుండియు జెప్పుచు వచ్చిరి. కిరణ్ వంటి మందగతి శిక్షణవిమానమునుండి యువకుడు శబ్దవేగమునకు రెట్టింపు వేగముగల మిగ్-21కు నేరుగా బోవలసియుండెను. నడుమ మెట్టు లేదు.

ఆ మెట్టు వేయవలెనని, అనగా ఉన్నతశిక్షణకు దగిన జెట్ విమానమును గొనవలెనని 1982లోనే లాఫాంటేన్ సంఘము సిఫారసు చేసెను. హాక్ విమానములకై యొడంబడిక 2004లో జరిగెను. 2008లో నవి బీదరునందు సేవలో బ్రవేశించెను. సిఫారసునకును సేవాప్రవేశమునకును నడుమ నిరువదియాఱేండ్లు గడచెను. గదిలో గూర్చుండి మిగ్-21ను దింపజూచి యిరువదిమార్లు గూలిన గృహస్థుడు ఒక్క క్షణ మాలోచింపవలెను: తన కిరువదియొకటవసారి గలదు, ఇరువదిరెండేండ్ల యా యువకునకు లేదు. ఈ యొక్క సంగతిని హృదయమునకు నాటజేసినచో నీ క్రీడ ప్రజాసేవయే చేసినదనవచ్చును. సైన్యమునకై పన్నులు చెల్లించు పౌరుడు, కొనుగోలుదస్త్రము లేండ్లతరబడి బల్లలపై నిలిచిన నెవరి ప్రాణము మీదికి వచ్చునో యెఱుగవలెను.

ఈ విషయము మన వాకిటనే యున్నది. భారత వాయుసేన యకాడమీ హైదరాబాదునకు సమీపమున దుండిగల్‌లో నున్నది. 2009 జూలైలో మెదక్ జిల్లాయందు హెచ్.పి.టి.-32 శిక్షణవిమానము కూలి యిద్దఱు చోదకులు మరణింపగా, ఆ జాతి విమానములన్నియు నిలిపివేయబడెను. వానికి బదులుగా పిలాటస్ విమానములు శిక్షణలో బ్రవేశించుటకు 2013 వఱకు బట్టెను. ఆ పిలాటస్ విమానమే యొకటి 2023 డిసెంబరు 4వ తేదీన అదే జిల్లాలో తూప్రాను సమీపమున గూలి, గురువును శిష్యుడును ఒక్కటిగా మరణించిరి. మన పొలములపై ప్రతిదినము వినవచ్చు నా మ్రోత యెంతటి మూల్యముతో గూడినదో యిందువలన దెలియును.

తల్లిదండ్రులకు

బిడ్డ యిట్టి యభ్యాసమున దిగినచో తల్లిదండ్రులు కోపింపనక్కఱలేదు, మురియనక్కఱయు లేదు. వాడు పుస్తకముంచుకొని క్రమమును బాటించుచున్నాడా, కనబడిన మీటనెల్ల నొక్కుచున్నాడా చూడవలెను. దిగుట నేర్వకయే పేల్చుటకు దొందరపడువాడు ఆటయే యాడుచున్నాడు. ఒక్క దిగుబాటును నూఱుమార్లు సవరించుకొనువాడు విద్య నభ్యసించుచున్నాడు. ఈ భేదమును గుర్తించుటకు విమానశాస్త్ర మెఱుగ నక్కఱలేదు. సంగీతము నేర్పు నింట సరళివరుసలను సాధించు శిష్యుని, గీతములకై తొందరపడు శిష్యుని జూచినవారికెల్ల నిది తెలిసినదే.

కుమారునకు మాత్రమేగాదు, కుమార్తెకును ఈ మార్గము తెఱచియున్నది. 2016 జూన్ 18వ తేదీన దుండిగల్‌నుండియే మువ్వురు యువతులు ప్రప్రథమముగా యుద్ధవిమానశాఖకు నియమింపబడిరి. కాని సేనలో జేరగోరువారు ఒక్కటి మఱువరాదు. చోదకుల నెన్నుకొను యంత్రపరీక్షలో నొకమారు తప్పినవారికి రెండవ యవకాశము లేదు. ఇంటి యభ్యాసమువలన చేతికిని కంటికిని పొత్తు గుదురవచ్చును, పరికరములపై భయము పోవచ్చును. గణితమును, భౌతికశాస్త్రమును, దేహదార్ఢ్యమును, కంటిచూపును ఆ యభ్యాస మీయజాలదు. అర్ధరాత్రివఱకు తెరను జూచుట వీనిలో గొన్నిటిని హరింపనుగలదు.

లింకు నిర్మించిన పెట్టె విమానమునకు బదులు గాలేదు; విమానమున కెక్కుటకు ముందు మెట్టయినది. నేటి గదిలోని తెరకును అంతియే స్థానము. దానిని మెట్టుగా నెంచినవారికి మేలు కలుగును. మేడగా నెంచినవారు పడుదురు. ఒక మెట్టు తరువాత రెండవ మెట్టును సకాలమున వేయవలసిన బాధ్యత మాత్రము బిడ్డలది గాదు, ప్రభుత్వముది. దానిని అడుగవలసిన బాధ్యత మనది.