అనంతపురం క్రీడావ్యవస్థ: తెరవెనుక నిర్వాహకత్వం – ఒక పరిశీలన

క్రీడాచరిత్ర సాధారణంగా పతకాల పట్టికగానో, ఆటగాళ్ల జీవితచరిత్రగానో వెలువడుతుంది. మైదానానికి నీరు పెట్టినవారు, పల్లెబడి నుంచి పిల్లలను శిబిరానికి చేర్చినవారు, వసతిగృహంలో వారికి భోజనం సమకూర్చినవారు ఆ చరిత్రలో కనబడరు. అనంతపురం విషయంలో ఈ లోపం మరీ పెద్దది. ఇక్కడి క్రీడావికాసంలో ప్రధానపాత్ర వహించింది క్రీడాసంఘం కాదు, కరువుతో పోరాడటానికి పుట్టిన సంస్థ.

స్పెయిన్ నుంచి 1952లో జెస్యూట్‌గా భారతదేశానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదట మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్లవలసివచ్చినా, మరుసటి ఏడాది తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) అలా ఏర్పడింది. దేశంలో అత్యల్ప వర్షపాతం గల జిల్లాల్లో ఒకటైన ఈ ప్రాంతంలో ఆ సంస్థ తొలి పనులు నీటికి, వైద్యానికి, చదువుకు సంబంధించినవి. ఆట తరువాత వచ్చింది. ఈ క్రమమే ముఖ్యం. ఊరూరా అప్పటికే ఏర్పడిన పరిచయాలు, కార్యకర్తలు, పాఠశాలలే 2000 దశకంలో రూపుదిద్దుకున్న అనంతపురం క్రీడాగ్రామానికి పునాది అయ్యాయి. శిక్షకుడు వెళ్లకముందే ఆ ఊరి తల్లిదండ్రులకు సంస్థ మీద నమ్మకం ఉంది. ఆడపిల్లను ఇల్లు విడిచి అకాడమీకి పంపడమనే నిర్ణయం వెనుక ఈ నమ్మకాన్ని లెక్కించకుండా ఏ విశ్లేషణా నిలవదు. ఇక్కడి అకాడమీలో శిక్షణ పొందిన ఎడమచేతి స్పిన్నర్ బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్‌పై భారతజట్టు తరఫున ఆడటం ఈ దీర్ఘప్రక్రియకు బయటికి కనిపించిన ఫలితం.

క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, జూడోలతో పోలిస్తే టెన్నిస్ కథ భిన్నమైనది. రఫేల్ నాదల్ ఫౌండేషన్ 2010లో ఇక్కడ ప్రారంభించిన శిక్షణకేంద్రం రాకెట్ పట్టించడంతో పాటు ఆంగ్లం, కంప్యూటర్ కూడా బోధిస్తుంది. కోర్టు అంటే ఏమిటో తెలియని పల్లెల్లో టెన్నిస్ చదువుకు పెరటిదారి అయింది. నాదల్ పేరు పత్రికల్లో వచ్చిన మేరకు రోజూ బంతులు ఏరి, పిల్లల హాజరు సరిచూసే స్థానికుల పని రాలేదు. ప్రచారకుడికీ నిర్వాహకుడికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఎర్రనేలలో పచ్చని మైదానాన్ని నిలబెట్టడం కూడా నిర్వాహకత్వమే. గడ్డికి క్రమం తప్పక నీరు కావాలి. పిచ్‌ను తడిపి, రోలర్ తిప్పి, ఆరబెట్టి సిద్ధం చేయాలి. రోజువారీ విమాన సర్వీసులు లేని ఈ పట్టణానికి 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ వచ్చింది. టోర్నీలోని ఆరు మ్యాచ్‌లలో అయిదు ఆర్‌డీటీ స్టేడియంలోనే జరిగాయి. అంతర్జాతీయ ఆటగాళ్లు ఆడిన ఆ మైదానం ఒక స్వచ్ఛందసంస్థ నిర్వహణలోనిది కావడం భారత క్రికెట్‌లో అరుదైన విషయం.

ఈ వ్యవస్థ బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి. ఫెర్రర్ 2009 జూన్‌లో మరణించిన తరువాత కూడా పని ఆగకపోవడానికి వ్యక్తికి బదులు సంస్థ నిలబడటమే కారణం. కానీ ఆ సంస్థకు స్పెయిన్ దాతల విరాళాలే ప్రధానాధారం. విదేశీవిరాళాల చట్టం కింద సంస్థ నమోదు పునరుద్ధరణ 2025లో చిక్కుల్లో పడినప్పుడు జిల్లాలో ప్రజలు వీధుల్లోకి వచ్చి ఆందోళనలు చేశారు. ఆసుపత్రులు, పాఠశాలలు, ఇళ్లు నడిచే ఆ సంస్థ ఖాతాలోనే మైదానం కూడా ఒక పద్దు.