ప్రోగ్రాము పొట్టలో చందమామ

బ్రెజిల్ దేశంలో రియో డి జెనీరో అనే నగరం ఉన్నది. అక్కడి కాథలిక్ విశ్వవిద్యాలయంలో టెక్‌గ్రాఫ్ అనే ప్రయోగశాల ఉన్నది. 1990 తరవాతి సంవత్సరాలలో ఆ ప్రయోగశాలవారు పెట్రోబ్రాస్ అనే చమురు సంస్థకు కంప్యూటరు ప్రోగ్రాములు రాసి ఇస్తూ ఉండేవారు.

చమురు ఇంజనీర్లకు రోజుకొక కొత్త అవసరం వచ్చేది. ఒకరికి నేల పొరల బొమ్మ మరోవిధంగా కావాలి. ఇంకొకరికి, ఫలానా గడిలో సున్నకు తక్కువ అంకె వేస్తే ప్రోగ్రాము ఒప్పుకోకూడదు. ఇవన్నీ చిన్న పనులే. కాని ప్రోగ్రామును ముందుగానే యంత్రభాషలోకి మార్చి, మూత బిగించినట్టుగా ఇస్తారు. ఎంత చిన్న మార్పుకైనా, రాసినవాళ్లే మళ్లీ మూత తీసి, మార్చి, బిగించి పంపాలి. ఎన్నిసార్లని పంపుతారు?

అందుకని వాళ్లు రెండు చిన్న భాషలు తయారుచేశారు. ఒకదాని పేరు డెల్. రెండవదాని పేరు సోల్. పోర్చుగీసు భాషలో ఆ మాటకు సూర్యుడని అర్థం. త్వరలోనే ఈ రెండూ చాలవని తేలింది. 1993లో రొబెర్టో యెరుజాలింస్కీ, లూయిజ్ ఎన్రికే డి ఫిగెయిరెడో, వాల్డెమార్ సెలెస్ అనే ముగ్గురు కలిసి, రెండింటి బదులు ఒకే భాష తయారుచేశారు. సూర్యుడి తరవాత వచ్చింది గనక ఒక స్నేహితుడు దానికి ‘లువా’ అని పేరు సూచించాడు. లువా అంటే చందమామ!

ఈ భాషలో ఇంజనీరు తనకు కావలసినది తానే రాసుకోవచ్చు. ఉదాహరణకు, “లోతు 2000 మీటర్లు దాటితే ఎర్రగుర్తు పెట్టు” అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం రాస్తాడు. దీన్ని స్క్రిప్టు అంటారు. స్క్రిప్టును చదివి, అందులో ఉన్నట్టు చేసేది స్క్రిప్టు ఇంజను. ఉంగరంలో రాయి పొదిగినట్టు ఈ ఇంజనును పెద్ద ప్రోగ్రాములో పొదుగుతారు. ఇక మూత తీయనక్కరలేదు. స్క్రిప్టు మార్చుకుంటే చాలు.

మరి ఈ రెండూ మాట్లాడుకునేది ఎలా? పెద్ద ప్రోగ్రాము సీ భాషలో ఉంటుంది, స్క్రిప్టు లువాలో ఉంటుంది. వాటి మధ్య కంచాల దొంతర వంటిది ఒకటి ఉన్నది. స్క్రిప్టు “వృత్తం గీయి” అన్నదనుకోండి. కేంద్రం ఎక్కడో, వ్యాసార్థం ఎంతో దొంతర మీద పెడుతుంది. పెద్ద ప్రోగ్రాము వాటిని తీసుకుని వృత్తం గీస్తుంది. జవాబేదైనా ఉంటే అదీ దొంతర మీదికే వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. పెళ్లింట్లో వంటవాడికి కొట్టుగది తాళం ఇస్తారు గాని, ఇనప్పెట్టె తాళం ఇస్తారా? స్క్రిప్టు ఎవరు రాశారో ప్రోగ్రాముకు తెలియదు. 1999 మార్చిలో మెలిస్సా అనే పేరుతో ఒక వర్డు పత్రం ఈమెయిలులో బయలుదేరింది. వర్డులో కూడా ఇటువంటి ఇంజను ఉన్నది. పత్రం తెరవగానే అందులో దాగిన స్క్రిప్టు లేచి, చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తన నకలు పంపేది! పెద్ద పెద్ద సంస్థలు తమ ఈమెయిలునే ఆపుకోవలసివచ్చింది. ఇంటర్నెట్టు నుంచి వచ్చిన పత్రాలలోని స్క్రిప్టులను మైక్రోసాఫ్టువారు వాటంతట అవే అడ్డుపడేలా చేసింది 2022లో. ఆలస్యమనే చెప్పాలి.

లువాలో ఈ జాగ్రత్త తేలిక. పెద్ద ప్రోగ్రాము ఇచ్చిన పనులే స్క్రిప్టుకు తెలుస్తాయి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో ఆడేవాళ్లు తమకు నచ్చిన మీటలూ, పటాలూ లువాలో రాసుకుంటారు. కాని ఫైళ్లు తెరిచే పని వాళ్ల స్క్రిప్టులకు ఇవ్వలేదు. చెడ్డబుద్ధి లేకుండానే ఎవరైనా “లెక్కపెడుతూనే ఉండు” అని రాసి, ఆపమనటం మరిచిపోవచ్చు. అప్పుడు ప్రోగ్రామంతా బిగుసుకుపోతుంది! దానికీ ఉపాయం ఉన్నది: ఇన్ని వేల అడుగులకు ఒకసారి ఆగి నన్ను అడుగు అని, పెద్ద ప్రోగ్రాము ముందే ఇంజనుకు చెప్పి ఉంచవచ్చు.

2007లో వచ్చిన ఫొటోలు దిద్దే అడోబ్ లైట్‌రూమ్‌లో చాలా భాగం లువాలోనే రాశారు. ఇంతా చేసి ఈ ఇంజను సీ భాషలో సుమారు 30,000 పంక్తులు. మీ అమ్మగారి ఫోనులోని ఒక్క ఫొటో పట్టే చోటులో ఇది హాయిగా ఇమిడిపోతుంది.